బిడ్డ గురక పెడుతుంటే లైటు వేసి చూడండి

(గుంటూరు బ్రాడీపేటలోని ఒక స్కూల్లో తల్లిదండ్రుల సమావేశానికి వచ్చిన చెవి, ముక్కు, గొంతు డాక్టరు మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాసినవి. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనకాల దాకా వినిపిస్తోందాండీ? ఆ ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు చెప్పాలి, మిగతావాళ్ళకి ఎలాగూ వినబడుతుంది. సరే.

హెడ్మాస్టరు గారు నన్ను పిల్లల ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం ఒక ఆదివారం పొద్దున తేలేది కాదండీ, ఒక్క సంగతి చెప్పి కూర్చుంటానన్నాను. పిల్లలు నిద్రలో ఊపిరి ఎలా తీసుకుంటున్నారు అన్నదే ఆ సంగతి. ముందు మీరొకటి చెప్పండి. మీ ఇంట్లో పిల్లలు గురక పెడతారా? మొహమాటపడకండి, చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఇప్పుడు చెప్పండి, ‘అచ్చం వాళ్ళ తాత పోలికే’ అని మురిసిపోయినవాళ్ళు ఎంతమంది? (నవ్వులు)

మన దగ్గర గురకకి మంచి పేరుంది. పడుకోగానే గురక పెట్టాడంటే హాయిగా, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడనుకుంటాం. పిల్లల విషయంలో అది చాలాసార్లు తప్పు. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక పెడితే పర్వాలేదు. వారంలో మూడు నాలుగు రాత్రులకి మించి, నెలల తరబడి, పక్క గదిలోకి వినపడేలా పెడుతుంటే మాత్రం వాడు హాయిగా లేడు, కష్టపడుతున్నాడు. నిద్రలో గాలి కోసం పని చేస్తున్నాడు.

ఈ మాట నాకు పుస్తకంలో కంటే ఒక తల్లి వల్ల బాగా తెలిసింది. చాలా ఏళ్ళ కిందట, పీజీ అయిపోయి కొత్తగా ప్రాక్టీసులోకి వచ్చిన రోజులు. విజయవాడలో ఒక ఆసుపత్రిలో పని చేస్తున్నాను. తెనాలి దగ్గర పల్లె నుంచి ఒకావిడ ఐదేళ్ళ కొడుకుని తీసుకొచ్చింది. ‘రాత్రిపూట ఊపిరి ఆగిపోతోందయ్యా’ అంది. నేను నాలుక నొక్కి, టార్చి వేసి చూశాను. టాన్సిల్స్ ఉన్నాయి, కానీ మరీ పెద్దవేం కావు. ‘వయసుతో పాటు తగ్గిపోతాయమ్మా, కంగారు పడకు’ అని సిరప్ రాసి పంపించాను. నెల తర్వాత మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే మాట చెప్పాను. మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ ఇంకేం చెప్పలేదు. ఓపీలో అందరి ముందూ కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, వాడు ఎలా పడుకుంటాడో చేసి చూపించింది. గుర్రు, గుర్రు, గుర్రు... తర్వాత ఏమీ లేదు. అలాగే ఉండిపోయింది. నర్సు నవ్వబోయి ఆగిపోయింది. చివరికి నీళ్ళలోంచి పైకి లేచినవాడిలా ‘హక్’మని ఒక్కసారి గాలి పీల్చింది.

అప్పటికీ నాకు సగమే నమ్మకం. ఆ వారంలోనే పిల్లవాడికి జ్వరమొచ్చి పిల్లల వార్డులో చేర్చారు. నేను రాత్రి డ్యూటీలో ఉన్నాను, వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. చొక్కా లేదు వాడికి. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట లోపలికి పోతోంది, డొక్కలు లోపలికి లాక్కుంటున్నాయి, పొట్ట మాత్రం పైకి లేస్తోంది. ఛాతీ ఒకవైపు, పొట్ట ఒకవైపు. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. ఛాతీ మాత్రం ఆగలేదు, పీలుస్తూనే ఉంది, గాలే లోపలికి పోవడం లేదు. మనసులో లెక్కపెట్టాను. పన్నెండు దాకా వచ్చింది. అప్పుడు వాడు ఒళ్ళంతా కదిలించి, పక్కకి దొర్లి, మోకాళ్ళ మీదకి లేచి, పిరుదులు పైకెత్తి తల దిండులో పెట్టి మళ్ళీ పడుకున్నాడు. కళ్ళు తెరవలేదు. పొద్దున అడిగితే వాడికేమీ గుర్తులేదు.

తర్వాత ఎక్స్‌రే తీస్తే, ముక్కు వెనకాల అడినాయిడ్ అనే కండ దాదాపు దారంతా మూసేసి ఉంది. నేను నోట్లో టార్చి వేసి చూసింది సగం గొంతే అన్నమాట. ఆవిడ మూడుసార్లు చెప్పింది, నేను రెండుసార్లు వినలేదు.

ఇప్పుడు అసలు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. గొంతుకి అటొకటి ఇటొకటి కనపడే కండలు టాన్సిల్స్. మనవాళ్ళు కొందరు వీటినే గవదలంటారు, గవదబిళ్ళలు వేరే జబ్బు, దాన్ని దీన్ని కలపకండి. అలాంటి కండే ముక్కు వెనకాల, అంగిలి పైన ఇంకోటి ఉంటుంది. అది అడినాయిడ్. నోరు తెరిస్తే కనపడదు. ఇవన్నీ రోగనిరోధక శక్తికి సంబంధించినవే. అయితే రెండేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు ఇవి గబగబా పెరుగుతాయి, గొంతు గొట్టం మాత్రం ఇంకా చిన్నగానే ఉంటుంది. అందుకే ఈ జబ్బు ఆ వయసులోనే ఎక్కువ.

మెలకువగా ఉన్నప్పుడు ఇబ్బంది ఉండదు. గొంతు చుట్టూ ఉన్న కండరాలు బిగుతుగా ఉండి దారి తెరిచి పట్టుకుంటాయి. నిద్రపోగానే అవి వదులవుతాయి. మీరు కొబ్బరిబొండం తాగేటప్పుడు చూసే ఉంటారు. కాగితం స్ట్రా కాస్త నానాక గట్టిగా పీలిస్తే ఏమవుతుంది? రెండు గోడలూ అతుక్కుపోతాయి. ఎంత గట్టిగా పీలిస్తే అంత గట్టిగా అతుక్కుంటాయి. పిల్లవాడి గొంతులో జరిగేది అదే. టాన్సిల్స్, అడినాయిడ్ వల్ల దారి ముందే ఇరుకు, పైగా నిద్రలో గోడలు మెత్తబడ్డాయి, వాడు గట్టిగా పీలుస్తాడు, దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ‘లే’ అంటుంది. వాడు పూర్తిగా లేవడు, నిద్ర మాత్రం చెదురుతుంది. దారి తెరుచుకుంటుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత. రాత్రంతా ఇదే వరస. దీన్ని డాక్టర్లు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా అంటారు. ఇది పెద్దవాళ్ళ జబ్బనే చాలాకాలం అనుకున్నారు. 1976లో అమెరికాలో గిల్మినో అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ ఎనిమిది మంది పిల్లల్లో దీన్ని వివరంగా రాశాక పిల్లల డాక్టర్ల చూపు ఇటు మళ్ళింది.

పెద్దవాళ్ళకైతే రాత్రి ఇలా జరిగితే పగలు తూగుతారు. పిల్లలు చాలామంది తూగరు. ఎగురుతారు! ఒకచోట కూర్చోరు, చిన్నదానికే కోపం, చెప్పింది బుర్రకెక్కదు. ఇక్కడ టీచర్లు కూడా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. క్లాసులో కుదురు లేని ప్రతి పిల్లవాడికీ అల్లరి కారణం కాదు. కొందరికి నిద్ర చాలదు. ఎనిమిదింటికే పడుకోబెట్టాం కదా అంటారు తల్లిదండ్రులు. పడుకున్నాడండీ, నిద్రపోలేదు.

ఇంకా కొన్ని గుర్తులున్నాయి. నోరు తెరుచుకునే ఉంటుంది, పగలు కూడా. దిండు మీద చొంగ. తల బాగా వెనక్కి వాల్చిగానీ, కూర్చునిగానీ, ఇందాక చెప్పినట్టు మోకాళ్ళ మీదగానీ పడుకుంటారు. ఏసీ గదిలో కూడా మెడ, తల చెమటతో తడిసిపోతాయి. పక్క తడపడం మానేసిన పిల్లవాడు మళ్ళీ మొదలుపెడతాడు. పొద్దున లేవగానే తలనొప్పి. అన్నం తినడానికి గంట పడుతుంది, మాంసం ముక్క నమిలి నమిలి ఉమ్మేస్తాడు. ముక్కు పనిచేయక నోటితో ఊపిరి తీసుకుంటూ నమలాలంటే కష్టం కదా. కొంతమంది బరువు పెరగరు. ఎదుగుదలకి కావాల్సిన హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే, పైగా ఊపిరికే రాత్రంతా కేలరీలు ఖర్చయిపోతాయి. మరీ ముదిరిపోయి ఏళ్ళ తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరిగి గుండె కుడివైపు మీద భారం పడుతుంది. అంతదాకా వచ్చే కేసులు ఇప్పుడు అరుదు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. గురక పెట్టే పిల్లలందరికీ ఈ జబ్బు ఉండదు. అలవాటుగా గురక పెట్టేవాళ్ళు పదిమందిలో ఒకరు ఉంటే, ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్ళు నూటికి ఒకరి నుంచి ఐదుగురి లోపే. ఆ కొద్దిమంది ఎవరన్నదే మనం తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి మొదటి పరికరం మీ చేతిలో ఉంది. ఇప్పుడు చాలామంది చేతుల్లో వెలుగుతోంది కూడా. (నవ్వులు)

సెల్‌ఫోనండీ. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులందరినీ వీడియో అడుగుతాను. ఎలా తీయాలో చెబుతాను, వినండి. పడుకున్న గంటలో తీయొద్దు. పిల్లలకి ఊపిరి ఎక్కువగా ఆగేది కలలొచ్చే నిద్రలో, ఆ నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. కాబట్టి మూడు నాలుగు గంటల మధ్య అలారం పెట్టుకుని లేవండి. లైటు వేయండి. చొక్కా పైకి లాగండి, మెడ నుంచి బొడ్డు దాకా కనపడాలి. దుప్పటి కప్పి ఉంటే నాకు దుప్పటే కనపడుతుంది. రెండు మూడు నిమిషాలు కదలకుండా పట్టుకోండి. ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంటే తగ్గించండి, గురక వినపడాలి. మధ్యలో ‘నాన్నా, నాన్నా’ అని లేపొద్దు. జలుబు ఉన్న వారం తీయొద్దు. అది నిజం చెప్పదు.

వీడియో ఒక్కటే చూసి ఆపరేషన్ తేల్చేయం. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి గానీ, మెడకి పక్కనుంచి ఎక్స్‌రే తీసి గానీ అడినాయిడ్ ఎంతుందో చూస్తాం. టాన్సిల్స్‌ని ఒకటి నుంచి నాలుగు దాకా గ్రేడు వేస్తాం. ఇక్కడొక మాట. గ్రేడు నాలుగు ఉన్నా రాత్రి హాయిగా పడుకునే పిల్లలున్నారు, గ్రేడు రెండుతో ఊపిరాడని పిల్లలున్నారు. టాన్సిల్ సైజుకి ఆపరేషన్ చేయం, రాత్రి జరిగేదానికి చేస్తాం. మీకెవరైనా నోట్లో టార్చి వేసి చూసి, ‘పెద్దగా ఉన్నాయి, తీసేద్దాం’ అని ఒక్క ముక్కలో చెబితే, రాత్రి సంగతి అడిగారా లేదా అని గమనించండి.

అన్నిటికంటే కచ్చితమైనది స్లీప్ స్టడీ. ఒక రాత్రి ఒంటికి వైర్లు పెట్టి ఊపిరి, ఆక్సిజన్, గుండె, మెదడు తరంగాలు అన్నీ రికార్డు చేస్తారు. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, ఎన్నిసార్లు తగ్గింది అని లెక్క తేలుతుంది. పెద్దవాళ్ళకి గంటకి ఐదు లోపైతే మామూలే అంటాం. పిల్లలకి ఒకటి దాటితేనే తేడా ఉన్నట్టు. ఐదు లోపు స్వల్పం, ఐదు నుంచి పది మధ్యస్థం, పది దాటితే తీవ్రం. కాబట్టి పెద్దవాళ్ళ లెక్కతో పిల్లల రిపోర్టు చదివి ‘మూడే కదా, నార్మల్’ అన్నారంటే జాగ్రత్త.

ప్రతి పిల్లవాడికీ స్లీప్ స్టడీ చేయాలంటే మన ఊళ్ళలో కుదరదు. వైర్లు పీకేసుకునే పిల్లలతో రాత్రంతా కూర్చునే చోట్లు తక్కువ. లక్షణాలు స్పష్టంగా ఉండి, వీడియోలో కనపడి, టాన్సిల్స్, అడినాయిడ్ పెద్దగా ఉంటే దాన్నిబట్టి వెళ్ళిపోతాం. కానీ రెండేళ్ళ లోపు పిల్లలు, బాగా లావుగా ఉన్నవాళ్ళు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు, ముఖం ఎముకల్లో తేడా ఉన్నవాళ్ళు, కండరాల, నరాల జబ్బులున్నవాళ్ళు, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నవాళ్ళు, వీళ్ళకి మాత్రం చేయించాకే ముందుకెళ్ళాలి.

సరే, జబ్బు ఉందని తేలింది. ఆపరేషన్ తప్పదా? ఇక్కడే మీకు అసలు టెన్షన్. నాకు తెలిసిన నిజం చెబుతాను. 2013లో అమెరికాలో చాట్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలొచ్చాయి. ఐదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు 464 మంది. అందరికీ స్లీప్ స్టడీలో జబ్బు ఉంది, మరీ తీవ్రంగా ఆక్సిజన్ పడిపోయేవాళ్ళని తీసుకోలేదు. సగం మందికి వెంటనే టాన్సిల్స్, అడినాయిడ్ తీసేశారు, సగం మందిని గమనిస్తూ ఉన్నారు. ఏడు నెలల తర్వాత మళ్ళీ స్లీప్ స్టడీ చేస్తే, ఆపరేషన్ అయినవాళ్ళలో 79 శాతం మందికి నార్మల్ వచ్చింది. ఇక్కడికి అందరూ చెబుతారు. రెండో సంఖ్య చాలామంది చెప్పరు. ఏమీ చేయకుండా చూస్తూ ఉన్నవాళ్ళలో కూడా 46 శాతం మందికి నార్మల్ వచ్చింది.

అంటే స్వల్పంగా ఉన్నప్పుడు కొన్ని నెలలు ఆగి చూడడం నిర్లక్ష్యం కాదు. అలాగని ఆపరేషన్ అనవసరమనీ కాదు. ఎందుకంటే ఆ అధ్యయనంలోనే ఆపరేషన్ అయిన పిల్లల ప్రవర్తన, పగటి చురుకు, ఇంట్లోవాళ్ళ సుఖం, ఇవన్నీ స్పష్టంగా మెరుగయ్యాయి. ఒక్కటి మాత్రం పెద్దగా మారలేదు. ఏకాగ్రతని కొలిచే పరీక్షల్లో రెండు జట్లకీ తేడా రాలేదు. 2023లో స్వల్ప జబ్బున్న పిల్లల మీద చేసిన ఇంకో అధ్యయనంలో కూడా దాదాపు ఇదే కథ. కాబట్టి ‘ఆపరేషన్ చేయిస్తే ర్యాంకు వస్తుందా డాక్టర్ గారూ’ అని అడగొద్దు. గుంటూరులో ఈ ప్రశ్న నన్ను నిజంగా అడిగారు. నిద్ర వస్తుందండీ. ర్యాంకు సంగతి మీ కార్పొరేట్ కాలేజీలని అడగండి. (నవ్వులు)

ఆగి చూసే రోజుల్లో చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. మన ఊళ్ళో అలర్జీ ముక్కులు ఎక్కువ. మిర్చి యార్డు సీజన్లో ఇటువైపు దుమ్ము, ఘాటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ముక్కు అలర్జీ ఉన్న పిల్లలకి స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు సరిగ్గా వాడితే అడినాయిడ్ కాస్త తగ్గి స్వల్ప జబ్బు కుదుటపడొచ్చు. స్టెరాయిడ్ అనగానే ఉలిక్కిపడకండి, ముక్కులో కొట్టేది చాలా తక్కువ మోతాదు. ఇంట్లో సిగరెట్ తాగేవాళ్ళుంటే బాల్కనీలోకి కాదు, మానేయడంలోకి వెళ్ళాలి. లావుగా ఉంటే బరువు తగ్గించాలి. లావు పిల్లలకి ఆపరేషన్ తర్వాత కూడా జబ్బు కొంత మిగిలే అవకాశం ఎక్కువ.

ఇంకో సంగతి, చాలామంది రెండూ కలిపేస్తారు. టాన్సిల్స్‌కి మాటిమాటికీ చీముపట్టి జ్వరం రావడం వేరు, ఇది వేరు. జ్వరాల కోసం తీయాలంటే ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరసగా రెండేళ్ళు ఏడాదికి ఐదుసార్లు, లేదా మూడేళ్ళు మూడేసిసార్లు రావాలని ఒక లెక్క ఉంది. ఊపిరి ఆగే పిల్లవాడికి జన్మలో ఒక్కసారి కూడా గొంతునొప్పి రాకపోవచ్చు. ‘జ్వరమే రాలేదు, ఆపరేషన్ ఎందుకు’ అనే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు.

ఇక ఆపరేషన్. ఇది కొత్త విద్య కాదు. రెండువేల ఏళ్ళ కిందట రోములో సెల్సస్ అనే ఆయన వేలితో చుట్టూ వదులు చేసి టాన్సిల్ పెకలించాలని రాశాడు. మత్తు లేకుండా! మన రోగి అదృష్టవంతుడు. ఇప్పుడు పూర్తి మత్తు ఇచ్చి, ఊపిరి గొట్టంలో ట్యూబు వేసి, నోట్లోంచే చేస్తాం. బయట గాటు ఉండదు. అరగంట నుంచి గంట లోపు అయిపోతుంది. మామూలు కత్తెరతో చేసినా, కరెంటుతో కాల్చే పద్ధతిలో చేసినా, కోబ్లేషన్ అనే పద్ధతిలో చేసినా, మైక్రోడిబ్రైడర్ అనే తిరిగే బ్లేడుతో చేసినా వచ్చే లాభం ఇంచుమించు ఒకటే. కోబ్లేషన్‌లో వేడి తక్కువ, అరవై డెబ్బై డిగ్రీలు దాటదు, నొప్పి కొందరికి కొంచెం తక్కువ. దాన్ని మన దగ్గర ‘లేజర్ ఆపరేషన్’ అంటున్నారు, అది లేజర్ కాదు. పరికరం పేరు చూసి ఆసుపత్రి ఎంచుకోకండి. నన్నడిగితే ఇందులో ముఖ్యమైన మనిషి నేను కాదు, మత్తు డాక్టరు. ఊపిరి ఇరుకుగా ఉన్న పిల్లలకి మత్తు ఇవ్వడం, లేపడం, లేచాక కనిపెట్టుకుని ఉండడం, అదే అసలు పని. పిల్లల మత్తులో అనుభవం ఉందా, రాత్రి కనిపెట్టుకునే ఏర్పాటు ఉందా, ఈ రెండూ అడగండి. మూడేళ్ళ లోపు పిల్లల్నీ, తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్ళనీ ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచాలి. మన గుంటూరు జీజీహెచ్‌లో కూడా ఈ ఆపరేషన్లు చేస్తారు, ప్రైవేటుకే పోవాలని లేదు.

ముందు ఆరు గంటలు అన్నం, టిఫిన్ పెట్టకూడదు. మంచినీళ్ళు రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు. పొద్దున్నే పిల్లవాడు ఏడుస్తున్నాడని అమ్మమ్మ చాటుగా బిస్కెట్ పెట్టేస్తుంది. మత్తులో అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. పెట్టేస్తే పెట్టేశామని చెప్పండి, ఆపరేషన్ రేపు చేసుకుందాం. ఎవరూ తిట్టరు.

ఆపరేషన్ తర్వాత పదిరోజుల గురించి వివరంగా చెప్పాలి, ఫోన్లన్నీ అప్పుడే వస్తాయి. మూడోరోజు తల్లి నోరు తెరిపించి చూస్తుంది. టాన్సిల్ ఉన్నచోట తెల్లగా, బూజు పట్టినట్టు ఉంటుంది. ‘చీము పట్టింది డాక్టర్ గారూ!’ అది చీము కాదమ్మా, మోకాలు గీసుకుపోతే పైన పొక్కు కడుతుంది కదా, నోట్లో తడికి ఆ పొక్కే తెల్లగా కనపడుతుంది. గోకొద్దు, గుడ్డతో తుడవొద్దు. నోరు వాసనొస్తుంది, వారంలో పోతుంది. చెవి నొప్పంటాడు. చెవిలో ఏమీ ఉండదు, గొంతుకీ చెవికీ నరం ఒకటే. మాట కొంచెం ముక్కుతో మాట్లాడినట్టు మారుతుంది, చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

నొప్పి మందు నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి ఇవ్వాలి. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ డాక్టరు రాసిన మోతాదులో. నొప్పిగా ఉంటే మింగడు, మింగకపోతే ఒంట్లో నీళ్ళు తగ్గుతాయి, గొంతు ఎండుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు ఈ గొలుసుని తెంపడమే మీ పని. కోడీన్ ఉన్న దగ్గు సిరప్పులు మాత్రం ఇంట్లో ఉన్నా దగ్గరికి రానివ్వకండి. కొందరి శరీరం దాన్ని చాలా వేగంగా మార్ఫిన్‌గా మార్చేస్తుంది. ఆపరేషన్ తర్వాత ఇలా ఊపిరి ఆగి పిల్లలు చనిపోయారు. అందుకే అమెరికాలో 2013లో హెచ్చరించి, 2017లో పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వాడొద్దనేశారు. ఆస్పిరిన్ కూడా వద్దు.

తిండి సంగతి. పాలలో నానబెట్టిన ఇడ్లీ, మజ్జిగ అన్నం, చల్లారిన రాగిజావ, కొబ్బరినీళ్ళు, ఐస్‌క్రీమ్. అవును, ఐస్‌క్రీమ్ నేనే రాస్తాను, ఆ ఒక్క చీటీ మీద మాత్రం పిల్లలు నా సంతకం వెరిఫై చేసుకుంటారు. (నవ్వులు) జంతికలు, చిప్స్, నిమ్మరసం, బత్తాయి వద్దు. కారం రెండు వారాలు వద్దు. గుంటూరులో ఈ మాట అంటే నన్ను ఊరి బయటకి పంపిస్తారని తెలుసు. ‘కొంచెం పప్పులో తగిలిస్తాం అంతే’ అంటారు. మీ ‘కొంచెం’ నాకు తెలుసండీ.

అన్నిటికంటే ముఖ్యం, రక్తం. మొదటి ఇరవైనాలుగు గంటల్లో ఒకసారి, మళ్ళీ ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య ఆ తెల్ల పొక్కు ఊడేటప్పుడు ఇంకోసారి, రక్తం వచ్చే ప్రమాదం ఉంది. నూటికి రెండు నుంచి ఐదుగురికి వస్తుంది. చాలావరకు ఆగిపోతుంది, కొద్దిమందికి మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాలి. ఉమ్మిలో ఒక చార కనపడితే ఫోన్ చేయండి. ఎర్రటి రక్తం వస్తుంటే ఫోన్ కాదు, ఆసుపత్రికి రావడమే. నిద్రలో పిల్లవాడు మాటిమాటికీ గుటకలు మింగుతుంటే లేపి నోట్లో లైటు వేసి చూడండి, రక్తం మింగేస్తుంటాడు. బాగానే ఉన్నాడు కదా అని ఆరో రోజు ఊళ్ళో పెళ్ళికి తీసుకెళ్తారు. దయచేసి రెండు వారాలు ఆసుపత్రికి గంటలోపు చేరగలిగే చోటే ఉండండి.

ప్రశ్నలుంటే అడగండి.

ఒక తల్లి: ‘తీసేస్తే రోగనిరోధక శక్తి పోతుందంటారు కదండీ. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవదా?’

మంచి సామెత చెప్పారమ్మా, మా గొంతు డాక్టర్ల కోసమే పుట్టించినట్టుంది. గొంతు చుట్టూ ఇలాంటి కణజాలం ఉంగరంలా ఉంటుంది, నాలుక వెనకాల కూడా ఉంటుంది. రెండు ముక్కలు తీసినా మిగతావి పనిచేస్తాయి. ఆపరేషన్ అయిన పిల్లలకి జబ్బులతో పోరాడే శక్తి చెప్పుకోదగ్గంతగా తగ్గలేదనే ఎక్కువ పరీక్షల్లో తేలింది. అయితే 2018లో డెన్మార్క్ రికార్డులు చూసినవాళ్ళు, చిన్నప్పుడు తీయించుకున్నవాళ్ళకి పెద్దయ్యాక శ్వాసకోశ జబ్బులు ఎక్కువని రాశారు. ఆపరేషనే కారణమా, ముందు నుంచీ ఉన్న జబ్బు కారణమా అన్నది అందులో తేలదు. కాబట్టి ఊరికే తీయించొద్దు. ఊపిరి ఆగుతుంటే మాత్రం ఆ శక్తి కోసం ఈ శ్వాసని వదులుకోవద్దు.

ఒక తండ్రి: ‘మళ్ళీ పెరుగుతాయా సార్?’

టాన్సిల్ మొత్తం తీస్తే దాదాపు పెరగదు. కొంత మిగిల్చి చేసే పద్ధతి ఒకటుంది, అందులో నొప్పి, రక్తం తక్కువ, కానీ కొద్దిమందికి తిరిగి పెరగొచ్చు. చిన్న వయసులో తీసిన అడినాయిడ్ కూడా కొందరికి మళ్ళీ వస్తుంది. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకి గురక తిరిగొస్తే రండి. ఒక మాట, ఆపరేషన్ అయిన మొదటి వారం వాపు వల్ల గురక ఉంటుంది, అది చూసి డబ్బులు దండగయ్యాయనుకోకండి. వాపు తగ్గాక వచ్చే నిశ్శబ్దం గురించి ఒకావిడ చెప్పింది, రాత్రి మెలకువొచ్చి చప్పుడే లేకపోయేసరికి గుండె జారిపోయి వాడి ముక్కు కింద వేలు పెట్టి చూసిందట. గాలి తగిలింది. అలాగే వేలు పెట్టుకుని కూర్చుందట చాలాసేపు.

ఒక తల్లి: ‘మా బాబుకి ఆరేళ్ళు సార్. పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో చూపిద్దామనుకుంటున్నాం. అప్పటిదాకా ఆగొచ్చా?’

చూపించడానికి సెలవులెందుకమ్మా? ఆపరేషన్ ఎప్పుడన్నది చూసిన తర్వాత మాట. స్వల్పమైతే సెలవుల దాకా కాదు, ఆ తర్వాత దాకా కూడా ఆగొచ్చు. గట్టిగా ఉంటే ఆగకూడదు, పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చు. ఊపిరి ఆగుతున్నట్టు మీకెప్పుడైనా అనిపించిందా?

ఆ తల్లి: ‘అనిపించే మొన్న తెల్లవారుజామున మా ఆయన వీడియో తీశారండీ. ఎవరికి చూపించాలో తెలియక...’

ఫోన్ ఇటివ్వండి. ఆ ఫ్యాను ఎవరైనా ఒక్క నిమిషం ఆపండి. సౌండ్ పెంచమ్మా.